రోట్లో పడ్డ నవల

వేసవి సెలవుల మొదటి రోజు పొద్దున పరంజ్యోతి ఎవరూ లేపకుండానే లేచింది. లేచి, టైము చూసుకుని, మళ్లీ పడుకుంది. బడి ఉన్న రోజుల్లో ఈ రెండోసారి పడుకోవడమనే సుఖం ఆమెకు దొరకదు. ఆళ్లగడ్డలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి ఆమె. తెల్లారకముందే పొయ్యి వెలిగించాలి, పిల్లలకు జడలు వేయాలి, గంట కొట్టకముందే బడి గడప తొక్కాలి. ఇప్పుడు ఆ గంట మోగదు. పిల్లలిద్దరినీ ముందురోజే వెలుగోడుకు, వాళ్ల అమ్మమ్మ దగ్గరికి బస్సెక్కించేసింది. ఆవకాయ పెట్టడం వచ్చే వారానికి వాయిదా వేసింది. సున్నాలు కొట్టించే పని వచ్చే ఏడాదికి వేసింది.

ఇదంతా ఒక నవల కోసం.

ఆ నవల ఒక వారపత్రికలో ఏడాది పొడుగునా సీరియల్‌గా వచ్చింది. పరంజ్యోతి ప్రతి వారం పత్రిక కొన్నది గానీ అందులో ఒక్క భాగం కూడా చదవలేదు. అంతకు ముందు ఒక సీరియల్‌ను వారం వారం చదివి దెబ్బతిన్నది. కథానాయిక విషం సీసా మూత తీసిన చోట ఆ వారం ఆపేశారు. ఆ సీసా సంగతి తేలేదాకా పరంజ్యోతికి అన్నం సయించలేదు, పిల్లలకు ఏడో ఎక్కం తప్పు చెప్పింది, పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగబెట్టింది. అప్పుడే తీర్మానించుకుంది, ఇకమీదట ఏ సీరియలూ ముక్కలు ముక్కలుగా చదవకూడదని. అన్ని భాగాలూ దాచిపెట్టి, నంద్యాలలో బైండు చేయించి, ఎండాకాలం సెలవుల్లో నులక మంచం మీద పడుకుని ఒక్క బిగిన చదవాలి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మొగుడి కత్తెర అడిగి తెచ్చుకుని, పత్రిక పిన్నులు విప్పి, ముఖం పక్కకు తిప్పుకుని సీరియల్ పేజీలు వేరు చేసేది. బొమ్మ కూడా కంటబడకూడదని వాటిని బోర్లా పట్టుకుని, మంచం కింది రేకు పెట్టెలో వేపాకుల మధ్య పెట్టేది. బడిలో తోటి టీచరు గోవిందమ్మ "పాపం, నీరజ" అని మొదలుపెట్టగానే చెవుల్లో వేళ్లు పెట్టుకుని పైకి ఎక్కాలు చదివేది. నీరజ అనే పేరు తప్ప ఆ కథలో ఆమెకు ఇంకేమీ తెలియకుండా ఏడాది గడిచింది.

భర్త యోబు ఇంటి పంచలోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. ఆదివారం ఈ తతంగం చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు. "చదవని కాగితాలను పెట్టెలో పెట్టి పొదగబెడతాండావ్. ఎండాకాలానికి పిల్లలు లేస్తాయా?" అనేవాడు. అట్లాంటి ప్రేమకథలు చదివితే సూదిలో దారం ఎక్కించే చూపు పోతుందని కూడా అనేవాడు. పరంజ్యోతి పట్టించుకునేది కాదు.

ఆ పొద్దున రెండోసారి లేచి కాఫీ తాగుతుంటే పెరట్లోంచి రోకటి పోటు వినబడింది. అత్త కమలమ్మ కాగితం గంపలు మొదలుపెట్టిందని అర్థమైంది. అది కమలమ్మ ఎండాకాలపు సరదా. పాత కాగితాలను తొట్టిలో నానేసి, పిండి, నానిన మెంతులు కలిపి రోట్లో మెత్తగా దంచేది. ఆ ముద్దను బోర్లించిన కుండ మీద మందంగా మెత్తి ఎండబెట్టి, కుండను మెల్లగా తప్పిస్తే గట్టి గంప తయారయ్యేది. వీధిలో ప్రతి ఇంట్లో బియ్యానికో చింతపండుకో కమలమ్మ గంప ఒకటి ఉండేది. పాస్టరమ్మ ఇంట్లో రెండుండేవి. ఎవరింట్లో పెండ్లయినా కమలమ్మ చదివింపు గంపే. దాని మీద పసుపు రాసి, పత్రికల మీది రంగు బొమ్మలు అంటించి ఇచ్చేది.

దానికి కాగితం ప్రతి ఏడూ కోడలే తెచ్చేది, పిల్లలు రాసిన పాత పరీక్ష పేపర్లు. ఈసారి తనిఖీకి ఎవరో పైఆఫీసరు వస్తాడని హెడ్‌మాస్టరు ఒక్క కాగితం కూడా బయటికి పోనివ్వలేదు. ఆ మాట అత్తతో చెప్పడం పరంజ్యోతి మరిచిపోయింది. రోకటి పోటు వింటూ, మరి అత్తకు కాగితం ఎక్కడ దొరికిందో అనుకుంది. ఎక్కడో దొరికి ఉంటుందిలే అనుకుని, కాఫీ పూర్తి చేసి, స్నానం చేసి, నీలం వాయిలు చీర కట్టుకుంది. నంద్యాల బైండరు సంజీవయ్యకు ముందే కబురు పెట్టింది. ఎర్ర క్యాలికో గుడ్డ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో తన పేరు. గుడ్డసంచి చంకన పెట్టుకుని, మంచం కింద వంగి రేకు పెట్టెను లాగింది.

పెట్టె తేలిగ్గా వచ్చింది. మరీ తేలిగ్గా వచ్చింది.

లోపల ఎండిన వేపాకులు మాత్రమే ఉన్నాయి.

ఆమె పెరట్లోకి వెళ్లేసరికి అప్పటికే రెండు కుండలు గుజ్జు పూసుకుని బోర్లా కూర్చుని ఉన్నాయి. తొట్టి నిండా బూడిద రంగు నీళ్లు. కమలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని రోట్లో దంచుతున్నది.

"అత్తా, ఈ కాగితాలు యాడివి?"

కమలమ్మ రోకలి ఆపకుండానే మంచం కింది పెట్టెలోవని చెప్పింది. నాలుగు దినాల కిందటే నానేశానని, ఈసారి కాగితం మంచి మెత్తనిదని, పరీక్ష కాగితాల మాదిరి పీచు తేలలేదని, మెంతులు కూడా తక్కువే పట్టాయని మెచ్చుకుంది.

"అవి నేను చదవాల్సినవి అత్తా."

"చదవాల్సినవా?" రోకలి గాలిలో ఆగింది. "ఇంట్లో అందరమూ చదివేసినంకనే పెట్టెలో ఏస్తాండావనుకుంటి గదమ్మా. చదివిన కాగితం దేనికి పనికొస్తాది? ఇంగ ఆ కతలో మాత్రం ఏముందిలే. నీరజ పెండ్లి గూడా అయిపాయ, ఆ డాక్టరుతోనే."

 పంచలో మిషన్ చప్పుడు ఆగిపోయింది.

పరంజ్యోతికి ముందు దేనికి ఏడవాలో తెలియలేదు. నవల రోట్లో పడింది. కథ ముగింపు చెవిలో పడింది. ఏడాదంతా గోవిందమ్మ నోటి నుంచి కాపాడుకున్నది అత్త నోటి నుంచి ఒక్క మాటలో ఊడిపడింది. చాలాసేపటికి ఇంకో సంగతి తట్టింది. అత్తకు అక్షరం ముక్క రాదు.

"నీకెట్లా తెలుసు అత్తా, పెండ్లయిందని?"

కమలమ్మ పంచ వైపు చూసింది. వెంటనే అక్కడ మిషన్ జోరుగా నడవడం మొదలైంది. పరంజ్యోతి వెళ్లి చూస్తే సూది కింద గుడ్డ లేదు.

అప్పుడు మొత్తం బయటపడింది. పత్రిక గురువారం వచ్చేది. పరంజ్యోతి అన్నం తిని మధ్యాహ్నపు బడికి పోగానే యోబు మిషన్ ఆపి, గోడకు ఆనుకుని, వాళ్లమ్మకు సీరియల్ పైకి చదివి వినిపించేవాడు. కమలమ్మ కాజాలు కుడుతూ వినేది. అయ్యాక పత్రికను మడత నలగకుండా ఎక్కడిదక్కడ పెట్టేసేవాళ్లు. ఏడాదంతా ఒక్క వారం తప్పలేదు.

"మరి నన్నెందుకు ఎగతాళి చేసినావప్పా?"

"తెలిసే జేసినా," అన్నాడు యోబు తల వంచుకుని. "చదవకుండా ఎగతాళి జేస్తే తప్పు గదా."

ఇంకో రోజైతే పరంజ్యోతి నవ్వేదే. గట్టిగా మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. ఆ పొద్దున మాత్రం గొంతు పక్కింటి ఓబులమ్మ దాకా వినబడింది. "ఏడాది పొడుగునా చెవుల్లో యేళ్లు పెట్టుకొని తిరిగినా. నా పత్రిక, నా ఇల్లు, నా వెనకాల మీరిద్దరూ చదువుకున్యారు. చదువుకున్నది గాక రోట్లో ఏసి దంచినారు. ఈ ఇంట్లో పని తప్ప నాది అని ఒక్కటన్నా ఉందా?"

 కమలమ్మ చేతులకంటిన గుజ్జును కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. పరంజ్యోతి ఖాళీ సంచి తీసుకుని బస్టాండుకు నడిచింది.

బస్సు శిరివెళ్ల దాటేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. పక్క సీటులోని ముసలాయన ఎవరింట్లో చావు జరిగిందని మర్యాదగా అడిగాడు. కాగితాలు పోయాయని చెప్పింది. పొలం కాగితాలనుకుని ఆయన నంద్యాల దాకా ఓదార్చాడు.

సంజీవయ్య అంగడి స్టేషన్ దారిలో ఒక ఇరుకు గది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన. ఆయన అంతా విన్నాడు, ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాడు. ఆ దగ్గు నవ్వేనని ఆమెకు తెలిసింది. తర్వాత వెనక నుంచి కొత్తగా బైండు చేసిన పుస్తకం ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అదే సీరియల్. విజయమ్మ అనే ఆవిడ చేయించుకున్నదట, సాయంత్రం వచ్చి పట్టుకుపోతుందట. ఇయ్యడానికి లేదు గానీ అంతదాకా ఇక్కడే కూర్చుని చదువుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు.

పరంజ్యోతి ముక్కాలి పీట మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. నీరజ ఒక పెద్ద ఇంట్లో పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ కఠినురాలు, ఎవరితోనూ మాట్లాడదు. ఆవిడ పెద్ద కొడుకు డాక్టరు. కథ బాగానే ఉంది. కానీ ఏడాదంతా కలగన్న ఏకాగ్రత మాత్రం రాలేదు. పెద్దావిడ వంటింట్లో ఒంటరిగా పీట వేసుకుని అన్నం తినే చోట ఆమె చూపు ఆగిపోయింది. ఇది వినేటప్పుడు అత్త సూది ఆపి ఉంటుందా, లేక వినబడనట్టు కాజా కుడుతూనే ఉండి ఉంటుందా అని ఆలోచించింది.

బడిలో వీధి వీధి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించింది తను. ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థనలో అత్తకు బైబిలు ఒక అధ్యాయం చదివి వినిపించేది. దాంతో తన పని అయిపోయిందనుకునేది. ఆ ముసలామెకు ఇంకో కథ కూడా వినాలని ఉంటుందని పెండ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. తనదంటూ ఏదీ లేదని అరిచి వచ్చింది. అత్తకు ఉన్నదల్లా గురువారం మధ్యాహ్నం ఒక అరగంట. అది కూడా దొంగతనంగా.

సాయంత్రం విజయమ్మ వచ్చేసరికి నీరజ వానలో ఆ ఇల్లు విడిచి బయటికి నడుస్తున్నది. పుస్తకం రెండు రోజులు అరువిస్తారా అని పరంజ్యోతి అడిగింది. విజయమ్మ దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు అదుముకుని, ఏమీ అనుకోవద్దని, తను కూడా ఏడాదంతా చదవకుండా దాచుకున్నానని చెప్పింది. పరంజ్యోతి నాలుక చివరిదాకా డాక్టరు వచ్చాడు. తోటి మనిషి బాధ తెలుసు గనుక మింగేసింది.

చీకటి పడేవేళకు ఆళ్లగడ్డలో దిగి ఇల్లు చేరితే పెరట్లో వింత కనబడింది. దండెం మీద బట్టలకు బదులు కాగితాలు వేలాడుతున్నాయి. తొట్టి అడుగున ఇంకా చివికిపోకుండా మిగిలిన పేజీలను కమలమ్మ ఒక్కొక్కటే విడదీసి ఆరేసింది. యోబు బొగ్గుల ఇస్త్రీపెట్టెతో వాటిని ఇస్త్రీ చేస్తున్నాడు. మూడు పేజీలు కాలి బొక్కలు పడ్డాయి. మిగతావాటిలో సిరా అంతా ఒకటై, అక్షరం కనబడకుండా పోయింది. అయినా అతను కాలరు ఇస్త్రీ చేసినంత శ్రద్ధగా మూలలు కూడా వదలకుండా రుద్దుతున్నాడు.

"ఆపప్పా," అంది పరంజ్యోతి. "ఇల్లు కాలుతాది."

కమలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. జొన్నరొట్టె తట్టలో పెట్టి కోడలి ముందుకు జరిపింది. పరంజ్యోతి ఒక తునక తిన్నాక కమలమ్మ మెల్లగా నోరు విప్పింది.

"నీతో చెప్పకపోయింది నాదే తప్పమ్మా. ప్రార్థన జేసుకునే ముసిల్ది, పొద్దు పోయిన వయసులో ప్రేమ కతలు వింటాందని నువ్వేమనుకుంటావో అని."

"నేనేమనుకుంటా అత్తా. నేను గూడా అవే గదా దాచుకునింది."

"నీకేమమ్మా, నువ్వు టీచరమ్మవు. ఏం చదివినా చదువే అంటారు." ఇంకో రొట్టె తట్టలో వేస్తూ అడిగింది, "ఆడ దొరికిందా కత?"

వానలో నీరజ ఇల్లు విడిచి పోయేదాకా చదివానని పరంజ్యోతి చెప్పింది.

కమలమ్మ ముఖం వెలిగింది. "ఆన్నుంచే గదా అసలు కత. నాకంతా గుర్తుంది. రేపు జెప్తా, కూచో."

మరునాడు మధ్యాహ్నం వేపచెట్టు నీడలో రోలు పక్కన కూర్చుని కమలమ్మ కథ అందుకుంది. ఊరికే చేతులు ముడుచుకుని వినబుద్ధి కాక పరంజ్యోతి గుజ్జు పిసకడం మొదలుపెట్టింది. నవల ఎటూ పోయింది, గంపలన్నా సరిగ్గా రావాలి కదా అనుకుంది. మొదట్లో గుజ్జు వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. నీళ్లు ఎంత పిండాలో, కుండ అంచు దగ్గర ఎంత మందం ఉంచాలో కమలమ్మ కథ మధ్యలోనే చెప్పేది. నీరజ ఏడ్చే చోట కూడా "అంచు పలచన జేస్తాండావ్ చూడు" అనేది.

పత్రికలో నీరజ పట్నంలో ఉండేది. కమలమ్మ నోట్లో ఆమె ఆళ్లగడ్డకు వచ్చేసింది. డాక్టరు కారులో వెతకలేదు, యాగంటి తిరణాలకు పోయే బస్సులో వెతికాడు. నీరజ హోటల్లో దిగలేదు, ఈరమ్మ అనే మంచి మనిషి పంచలో తలదాచుకుంది. ఈరమ్మ పత్రికలో లేదని యోబు పంచలోంచి అరిచేవాడు. ఒంటరి ఆడపిల్లను ఊరు తెలీని చోట ఎట్లా వదిలేస్తామని కమలమ్మ అడిగేది. మూడో రోజుకు ఓబులమ్మ పీట తెచ్చుకుని గోడ ఇవతలికి వచ్చింది. ఆ మరునాడు గోవిందమ్మ టీచరు వచ్చింది. సీరియల్ అంతా చదివిన గోవిందమ్మ కూడా, తర్వాత ఏమవుతుందో తెలియనట్టు నోరు తెరుచుకుని వినేది.

కఠినురాలైన పెద్దావిడకు జ్వరం వచ్చిన రోజు యోబు గుండీలు కుడుతున్న చొక్కా పక్కన పెట్టి పెరట్లోకే వచ్చాడు.

"మా, ఆ ముసలమ్మ ఆ వారమే సచ్చిపోతుంది. నేనే గదా చదివింది."

"నువ్వు చదివినప్పుడు సచ్చిపోయింది. నేను బతికిచ్చినా. కోడలు కాబోయేదాని మొగం గూడా సూడకుండా సంపడానికి ఆయమ్మ ఏం పాపం జేసింది?"

పరంజ్యోతి తల వంచుకుని గుజ్జు అదిమింది. పుస్తకంలో చదివేటప్పుడు రాని ఏకాగ్రత ఇక్కడ ఎట్లా వస్తున్నదో ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని పొద్దున్నుంచీ కాచుకునేది. ముక్కలు ముక్కలుగా కథ వినకూడదన్న తీర్మానం సంగతి మళ్లీ తలుచుకోలేదు.

చివరి గంప మెత్తే రోజు వచ్చింది. అందరికీ తెలుసు, ఇక మిగిలింది పెండ్లేనని. ఓబులమ్మ తమలపాకులు కూడా తెచ్చింది. కమలమ్మ నోట్లో ఆకు వేసుకుని, చాలాసేపు నమిలి, కోడలి వైపు చూసింది.

"పెండ్లికి అంతా కూడినారు. డాక్టరు వచ్చి కూచున్యాడు. నీరజ రాలేదు."

గోవిందమ్మ ఉలిక్కిపడింది. యోబు మిషన్ ఆపాడు. "మా, అదేందీ? నీరజ వచ్చింది గదా. పెండ్లి బొమ్మ గూడా ఏసినారు."

"రాలేదు నాయనా. ఆ దినం నోరు జారి నీ పెండ్లానికి చివర చెప్పేస్తి. ఏడాది దాచుకున్న పిల్లకు తెలిసిన చివర ఎట్లా పెట్టేది? అందుకే దీనికి వేరే చివర." కమలమ్మ మళ్లీ కోడలి వైపు తిరిగింది. "నీరజ పెండ్లి జేసుకోలేదమ్మా. బళ్లో టీచరైంది. ఎండాకాలం సెలవులిచ్చినారు. మంచమేసుకొని, బుక్కు పట్టుకొని పండుకునింది. అప్పుడు వాళ్లత్త వచ్చి చెప్పింది, లేయొద్దు మే, చదువుకో, ఈ దినం అన్నం నేను వండుతా, అని."

 గుజ్జు చేతులతోనే పరంజ్యోతి కళ్లు తుడుచుకుంది. చెంపంతా బూడిద రంగు అంటుకుంది.

యోబు మాత్రం వేళ్లు ముడిచి లెక్క వేసుకుంటున్నాడు. "అమ్మా, పెండ్లే కాకపోతే అత్త యాన్నుంచి వచ్చింది?"

"వచ్చింది. నువ్వు పోయి మిషన్ తొక్కు."

మొదట గోవిందమ్మ నవ్వింది, తర్వాత ఓబులమ్మ. పరంజ్యోతి ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూ అత్త భుజానికి తల ఆనించింది. కమలమ్మ కోడలి చెంప మీది గుజ్జును గోటితో గీకి, వృథా పోకుండా గంప అంచుకు అద్దింది.

బడులు తెరిచే నాటికి గంపలన్నీ ఎండాయి. మొదటిది పాస్టరమ్మకు పోయింది, ఒకటి ఓబులమ్మకు. చివరిదాన్ని మాత్రం కమలమ్మ ఎవరికీ ఇవ్వలేదు. పంచలో మిషన్ పక్కన పెట్టి, పత్రికలు వేసుకొమ్మని కోడలికి చెప్పింది. ఆ గురువారం కొత్త సీరియల్ మొదలైంది. సాయంత్రం బడి నుంచి రాగానే పరంజ్యోతి పత్రిక విప్పింది. కత్తెర అడగలేదు. కాళ్లు కడుక్కొచ్చి అత్త పక్కన కూర్చుంది. యోబు గొంతు సవరించుకుని పత్రిక కోసం చెయ్యి చాచాడు.

"ఇంగ నువ్వు కుట్టప్పా," అంది పరంజ్యోతి. "నేను చదువుతా."